అమ్మవారి కళ్ళజోడు

దేవతలకు కళ్ళు చేసి బతికినవాణ్ణి నేను. నా కళ్ళ సంగతి మాత్రం అడగొద్దు. పోయిన ఏడాది తనకల్లులో పని చూసుకొని, ఇంటికి రావడానికి రోడ్డు పక్కన నిలబడి, దూరంగా వస్తున్నది కదిరి బస్సే అనుకొని చెయ్యెత్తి ఆపాను. అది ఆగింది కూడా. ఎనుము. నన్నొకసారి ఎగాదిగా చూసి, ఎక్కించుకొనే ఉద్దేశం లేదన్నట్టు తోక విదిలించి పోయింది. దాని వెనక కర్ర పట్టుకొని వస్తున్న ముసలాయన, "బస్సు ఇంకా రాలేదప్పా. ఇది మా ఇంటికే పోతాది" అని మర్యాదగా చెప్పాడు. ఇంటికొచ్చి చెబితే మా ఇంటామె నవ్వలేదు. "కళ్ళజోడు అరుగు కట్టమీద పెట్టి పోయినావు. పిలుద్దామనుకునే లోపల సందు మలిగినావు. ఎనుము కాబట్టి ఆగింది, లారీ అయితే ఆగునా?" అంది. ఆమె మాటల్లో నాకు నచ్చేది అదే. ఓదార్పు కలవదు.

ఇప్పుడు చెప్పబోయేది కూడా ఒక కళ్ళజోడు గురించే. నాది కాదు, అమ్మవారిది. ఎనుము నన్ను దాటిపోయిన కొన్నాళ్ళకు తనకల్లు అవతల ఒక పల్లె నుంచి ఇద్దరు మనుషులు మా ఇంటికి వచ్చారు. ఒకరు గుడి కమిటీ ప్రెసిడెంటు. ప్లాట్లు అమ్మే కుర్రాడు, మంచి చొక్కా వేసుకున్నాడు. రెండో మనిషి లచ్చుమక్క. ఆ గుడి ఊడ్చే ముసలామె. గుడిని నల్లరాతితో కొత్తగా కడుతున్నారట. ఆమె కొంగులో ముడి వేసుకొని తెచ్చిన పసుపు గుడ్డను నా ముందు విప్పింది. అందులో రెండు వెండి కళ్ళు, ఒక వెండి కళ్ళజోడు.

"ఇవి కరగబెట్టి కొత్త కండ్లు చెయ్యల్లన్నా" అన్నాడు ప్రెసిడెంటు. "శాంతంగా ఉండల్ల. గుడికి కెమెరాలు పెట్టినాము, ఇంక ఆయమ్మ గుడ్లురిమి చూడాల్సిన పని లేదు. ఈ కళ్ళజోడు సంగతి మాత్రం ఎవురికీ చెప్పొద్దు. ఎవురో ఫోటో తీసి ఫోన్లలో తిప్పతాండారు. జనం నగతాండారు."

నేను ఎడమ కన్నును వేళ్ళ మధ్య పెట్టి వెలుగుకు తిప్పాను. బయటి కొస కొంచెం పైకి లేచి ఉంది. మా అవ్వ నన్ను చూస్తోంది. ఆమె పోయి ఎన్నేళ్ళయిందో గానీ ఆ చూపు ఏమీ తగ్గలేదు. నేను చటుక్కున నా కాళ్ళ వైపు చూసుకున్నాను, చెప్పులున్నాయేమోనని.

చెప్పుల సంగతి ముందు చెప్పాలి. కదిరిలో మా పాత ఇల్లు రెండు గదులు. ముందు గది పనికి, వెనక గది సంసారానికి. పనిగదిలోకి చెప్పులతో రావడమనేది మా ఇంట్లో హత్య తర్వాత అంతటి నేరం. ఆకురాయి కింద రాలిన వెండి పొడి కంటికి కనపడదు. చెప్పు అడుక్కి అతుక్కుంటుంది, మనిషితోబాటు వీధిలోకి నడిచిపోతుంది. అందుకని లోపలికి వచ్చేటప్పుడు చెప్పులు వదలాలి, పోయేటప్పుడు గడప దగ్గర పరిచిన గోనెపట్టా మీద నిలబడి అరికాళ్ళు దులుపుకోవాలి. ఆ గోనెపట్టాను ఏడాదికొకసారి కాల్చి, బూడిద కడిగి, అందులో ఉన్న వెండిని వెనక్కి తీసుకొనేవాళ్ళం. ఈ రాకపోకలన్నిటికీ కాపలా మా అవ్వ, నాయనకు తల్లి. గడప పక్కన గోడకు ఆనుకొని పీట మీద కూర్చునేది. ఎవరొచ్చినా ఆమె నోట్లోంచి వచ్చే మొదటి మాట ఒకటే. "చెప్పులిడిసి రా." ఊరి పెద్దకైనా అదే, పోస్టుమేనుకైనా అదే, పుట్టింటి నుంచి చూడ్డానికొచ్చిన సొంత తమ్ముడికైనా అదే. బాగుండావా అన్నది ఆ తర్వాత.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు ఆకలేస్తుంది. పొద్దున్నే కుంపట్లో చెనిక్కాయ పొట్టు వేసి రాజేస్తే లేచే పొగ, అతుకులకు వేసే వెలిగారం కాలినప్పటి ఘాటు, కుంకుడుకాయ నురుగు. చింతపండు నీళ్ళలో వెండి ఉడుకుతుంటే, పక్క గదిలో అదే చింతపండుతో మా అమ్మ చారు కాచేది. ఒకసారి నాయన చారులో పట్టకారు ముంచాడని అమ్మ అనేది. నాయన ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. నీళ్ళకు కరువు కాబట్టి ఒక బిందె నీళ్ళు మా ఇంట్లో చాలా జన్మలు ఎత్తేవి. బియ్యం కడిగిన నీళ్ళతో వెండి కడిగేవాళ్ళం, వెండి కడిగిన నీళ్ళు గచ్చుకు, ఆ మిగిలింది పెరట్లో కరివేపాకు చెట్టుకు. మా చెట్టు ఆకులు మిగతావాళ్ళ వాటికంటే మెరుస్తాయని నేను వీధిలో ప్రచారం చేశాను. నమ్మి కొమ్మలు అడిగి తీసుకుపోయినవాళ్ళున్నారు.

ఇలాంటి ప్రచారాలు చేసే తీరిక నాకెలా వచ్చిందంటే, ఏడో తరగతిలో బడి మానేశాను. మానేశాననడం పెద్ద మాట. పంతులు పాఠం చెబుతుంటే నేను వెనక బెంచీలో రాగి రేకు మీద మేకుతో ఆయన ముఖం గీస్తున్నాను. ఆయన వచ్చి చూసి, ముక్కు దగ్గర తప్పు చెప్పి, తర్వాత నాయనను పిలిపించాడు. "వీడికి మేము నేర్పగలిగింది ఏమీ లేదు" అన్నాడు. నేనది పొగడ్త అనుకొని ఇంటికొచ్చాను. నాయన నన్ను కుంపటి ముందు కూర్చోబెట్టి ఊదుగొట్టం చేతికిచ్చాడు. ఆయన రోజుకు మాట్లాడే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇంట్లో ఆ లోటు తీర్చడానికే నేను పుట్టినట్టున్నాను.

మేము చేసే నగలు చెప్పుకోవడానికి మామూలువే. మెట్టెలు, మొలతాళ్ళు, కాళ్ళ కడియాలు. పేరు వచ్చింది మాత్రం కళ్ళతో. మా వైపు పల్లెల్లో అమ్మవారంటే నిలువెత్తు విగ్రహం కాదు. పసుపు పూసిన గుండ్రాయి. ముక్కు లేదు, చెవులు లేవు. వెండి కళ్ళు పెట్టిన క్షణాన ఆ రాయికి ముఖం వస్తుంది. ఆ కళ్ళ కోసం మా ఇంట్లో ఒక కంచు అచ్చు ఉండేది. అరచేతి అంత దిమ్మ, దాని మీద ఎడమ కన్ను, కుడి కన్ను గుంటలుగా చెక్కి ఉంటాయి. గుంట మీద పల్చటి వెండి రేకు పెట్టి, దాని మీద సీసం ముక్క పెట్టి సుత్తితో కొడితే రేకు లోపలికి దిగి కన్ను అవుతుంది. నల్లగుడ్డు ఉండాల్సిన చోట నల్ల లక్క నింపుతాం.

ఆ అచ్చు చెక్కింది మా తాత. నేను ఆయన్ను చూడలేదు, కథ అవ్వే చెప్పింది. ఒకసారి ఒక పల్లెవాళ్ళు వచ్చి, అంతకుముందు ఎవరో చేసిచ్చిన కళ్ళు మరీ మెత్తగా ఉన్నాయని, అమ్మవారు ఎదురుగా ఉండగానే గొర్రెలు పోతున్నాయని, చూస్తే దొంగ కాళ్ళు ఆడకూడదని అడిగారట. తాత స్వతహాగా భయస్తుడు. భయపెట్టే కళ్ళు ఎలా ఉంటాయో ఆలోచించి ఆలోచించి తల వేడెక్కి, గాలికి తిరిగొద్దామని పోయి, ఆ ధ్యాసలోనే చెప్పులతో పనిగదిలోకి వచ్చాడు. అవ్వ తల ఎత్తి చూసింది. తాత అక్కడే నిలబడిపోయి, "కదలొద్దు, అట్లనే ఉండు" అన్నాడు. బొగ్గు తీసుకొని గోడ మీద ఆ చూపు గీసుకున్నాడు. ఎడమ కంటి కొస పైకి లేచిందీ అలాగే గీశాడు, అచ్చులోనూ అలాగే చెక్కాడు. "చెప్పులిడిసినాడా మరి?" అని నేనడిగితే, "గీసినంక ఇడిసినాడు" అంది అవ్వ. "అంతసేపూ నాకు మెడ నొప్పి."

అలా కదిరి చుట్టుపక్కల పల్లెల్లో ఎన్ని గుళ్ళకు కళ్ళు పోయాయో అన్ని గుళ్ళలో మా అవ్వ కూర్చుంది. మిగతా పిల్లలకు అవ్వ ఇంట్లోనే ఉంటుంది, గుడి దగ్గర స్వేచ్ఛ. నాకు అదీ లేదు. తిరనాళ్ళలో జనం సందు చూసి కొబ్బరి చిప్ప మీద చెయ్యి వేస్తాను, తల ఎత్తితే అవ్వ. చెయ్యి వెనక్కి తీసుకొని దండం పెట్టేవాణ్ణి. భక్తి గల పిల్లవాడని పేరొచ్చింది.

మొన్న ఒక కాలేజీ అమ్మాయి ఫోను నా ముఖం ముందు పెట్టి, మీ కళ మీద ఎవరి ప్రభావం ఉంది అని అడిగింది. నేను చాలాసేపు ఆలోచించినట్టు నటించి, "మా అవ్వ కోపం" అన్నాను. నవ్వి, ఇంకెవరి పేరైనా చెప్పమంది. చెప్పడానికి ఇంకెవరూ లేరు. మా వీధి చివర మగ్గాల మీద ధర్మవరం చీరల అంచులు నేసేవాళ్ళు, వాటిని చూసి గీతలు నేర్చుకున్నాను. సుత్తితో తక్కువ కొట్టడం నాయన దగ్గర నేర్చుకున్నాను. కానీ ఏది బాగుంది, ఏది బాగాలేదు అన్నది మాత్రం అవ్వ ముఖంలోనే చూసుకున్నాను. మా ఇంట్లో ఏ వస్తువూ ఆమె చూడకుండా గడప దాటేది కాదు. చేతిలోకి తీసుకొని తిప్పి చూసి, బాగుంటే పక్కన పెట్టేది, బాగాలేకపోతే మళ్ళీ కుంపట్లో వేసేది. మధ్యలో మాటలుండవు.

వానలు మొహం చాటేసిన ఒక ఎండాకాలం, తనకల్లు అవతలి ఆ పల్లెవాళ్ళు వాళ్ళ అమ్మవారి పాత కళ్ళు తెచ్చిచ్చారు. ఏళ్ళ తరబడి చింతపండు పెట్టి తోమి తోమి రేకు చిల్లులు పడింది. పండగ లోపల కొత్తవి కావాలన్నారు. నాయన అచ్చు నా ముందుకు తోసి, "కొట్టు" అన్నాడు. నేను చేసే మొదటి కళ్ళు. ఆ సంతోషంలో వీధిలో పోయే ప్రతివాడితోనూ మాట్లాడుతూ కొట్టాను. అయ్యాక లక్క నింపి, బాగా తుడిచి అవ్వ చేతిలో పెట్టాను. ఆమె ముఖానికి దగ్గరగా పెట్టుకొని చూసి, "ఊఁ. బాగుండాయి" అని పక్కన పెట్టింది. నా జన్మలో అవ్వ అంత తొందరగా దేన్నీ మెచ్చుకోలేదు. మళ్ళీ తీసి చూసుకుంటే అప్పుడు కనపడింది. మాటల్లో పడి రెండుసార్లూ ఒకే గుంటలో కొట్టాను. రెండూ ఎడమ కళ్ళే. అవి పెడితే అమ్మవారు దండం పెట్టేవాణ్ణి వదిలేసి వాడి పక్కవాణ్ణి చూస్తుంది.

"అవ్వా, రెండూ ఎడమవే" అన్నాను.

అవ్వ తల తిప్పలేదు. "తెలుసులే. నీకు తెలుస్తాదో లేదో అని చూసినా."

నమ్మాను. అవ్వ పరీక్షించేంతవాణ్ణి అయ్యానని గర్వపడ్డాను కూడా. కానీ మరునాడు వీధి నుంచి వస్తూ, ఎందుకో మరి, నా టైరు చెప్పులు చేత పట్టుకొని వచ్చి, కుంపటి పక్కన విసనకర్ర ఉండే చోట ఒక చెప్పు పెట్టి, విసనకర్ర దాచేశాను. సరిగ్గా ఆమె కళ్ళ ముందర. ఆమె ఏమీ అనలేదు. నిప్పు ఆరిపోతోందని నాయన గొణిగితే అవ్వ చెయ్యి చాపింది, చెప్పు తీసుకుంది, రెండు మూడు సార్లు విసిరింది. అప్పుడు చెయ్యి ఆగింది. బొటనవేలితో అంచు తడిమి చూసుకుంది. మరుక్షణం ఆ చెప్పు నా వీపున పడింది. చూపు పోయింది గానీ గురి ఎక్కడికీ పోలేదు.

నాయన ఊదుగొట్టం నోట్లోంచి తీశాడు. "ఎప్పట్నించి మా?"

"ఏం ఎప్పట్నించి? వీనికి కొవ్వెక్కినప్పట్నించా?"

"కండ్లు, మా."

అవ్వ చేతికంటిన బూడిదను కొంగుకు తుడుచుకుంది. "పొగ" అంది. "నువ్వు బొగ్గులు సరింగా ఎండబెట్టవు. ఇల్లంతా పొగ."

కుంపట్లో పొగ లేదు. నిప్పు కూడా లేదు. వెనక గదిలో గరిటె చప్పుడు ఆగిపోయింది. నేను వీపు రుద్దుకుంటూ, ఏదైనా నవ్వించే మాట దొరుకుతుందేమోనని వెతుక్కున్నాను. దొరకలేదు. నాకలా జరగడం అదే మొదలు.

ఆ వారంలోనే మైకు కట్టిన జీపు వీధుల్లో తిరిగింది. నేను వదిలేసిన బడిలోనే కంటి క్యాంపు పెడుతున్నారట, పొర వచ్చినవాళ్ళకు ఆపరేషను చేస్తారట. నాయన "పోదాం మా" అన్నాడు. అవ్వ పోనంది. ఇంకెవరైనా అయితే కత్తి అంటే భయమనో, దేవుడిచ్చిన కన్ననో అంటారు. మా అవ్వ మా వృత్తిలోంచే కారణం చెప్పింది. "రాయి ఊడబెరికి మళ్ళా కూచోబెడితే పాత పట్టు ఉంటాదా? ఎన్ని కమ్మలు చూసినా నేను. ఒకసారి కదిలిచ్చిన రాయి యాన్నో ఒక సంతలో రాలిపోతాది. నా కన్ను సంతలో రాలితే ఎవురు ఎతకల్ల?"

ఆ మాట నిజమే. రాళ్ళ కమ్మలు బాగుచేసే ఏ కంసాలి అయినా ఒప్పుకుంటాడు. నేను తెలివి చూపించాను. పాత కమ్మల్లో రాయి మసకబడిందని ఆడవాళ్ళు తెస్తే అవ్వే చెప్పేది, రాయికేమీ కాలేదు, రాయి కింద పెట్టిన రేకు నల్లబడింది, అది మారిస్తే చాలని. ఆమె మాటే ఆమెకు అప్పజెప్పాను. "నీకూ అంతే అవ్వా. కన్ను బాగుండాది. లోపల రేకు నల్లబడింది. దాన్ని తీసేస్తారు."

అవ్వ నన్ను జాలిగా చూసింది, అంటే నా గొంతు వచ్చిన వైపు చూసింది. "రేకు తియ్యాలంటే ముందు రాయి లేపల్ల గదరా, ఎర్రోడా. ఏం నేర్చుకున్నావు ఇన్నాళ్ళూ?"

నాయన వాదించలేదు. నా చేత కుడి కన్ను మళ్ళీ కొట్టించాడు. అది ఒక పక్క వంగితే ఆయన చెయ్యి వేసి సరిచేశాడు. ఎడమది ఒకటి నాదే ఉంచాడు. జతను గూట్లో పెట్టి, కుంపటి మీద బూడిద కప్పి, చేతులు కడుక్కొని అరుగు మీద కూర్చున్నాడు. మరునాడు కూడా కుంపటి రాజెయ్యలేదు. ఆ తర్వాత కూడా. మా ఇంట్లో పొగ లేకుండా తెల్లవారడం నేను ఎరగను. అమ్మ చారు వాసన ఒక్కటే మిగిలి, ఇల్లు ఎవరిదో అయినట్టు ఉండేది. పండగ దగ్గర పడ్డాక ఆ పల్లె పెద్దాయన రానే వచ్చాడు. గడప దగ్గరే చెప్పులు వదిలాడు.

"ఏమప్పా ఆచారీ, కండ్లు యాడ?"

"చేసినాము" అన్నాడు నాయన. "మా అమ్మ చూడల్ల."

"చూడమను మరి."

"ఆమెకు కనపడదు."

"కనపడని ఆమెకు చూపిచ్చి ఇస్తావా నువ్వు?"

"కనపడినంక చూపిచ్చి ఇస్తా."

పెద్దాయన అవ్వ వైపు తిరిగాడు. "ఏందమ్మా ఇది? ఈడ నువ్వు కండ్లు చేయించుకుంటే గానీ ఆడ ఆయమ్మకు కండ్లు రావంట. పాతవి తీసేసినాము. ఆయమ్మ ఉత్త రాయి మాదిరి ఉండాది. ఊర్లో ఆడోళ్ళు చూళ్ళేకపోతాండారు."

నాయన ముఖంలో ఏమీ కనపడలేదు. అవ్వ పీట మీద అటూ ఇటూ కదిలింది. "ఇద్దరు గుడ్డోళ్ళను కూచోబెట్టి నా కొడుకు ఆట చూస్తాండాడు" అంది. తర్వాత నాతో, "ఆ అచ్చు ఇట్లియ్యి. బడికాడికి పోదాం పా" అంది.

నా భుజం మీద చెయ్యి వేసుకొని, కంచు అచ్చు కొంగులో మూట కట్టుకొని నడిచింది. బడిలో బల్లలన్నీ గోడకు జరిపి చాపలు పరిచారు. డాక్టరు ఆమె కంటిలో లైటు వేసి చూస్తుంటే, అవ్వ మూట విప్పి అచ్చు ఆయన చేతిలో పెట్టింది. "నాయనా, నీ చేతిలో ఏమన్నా పొరపాటు జరిగితే, ఇదో, కొలత ఇదే. ఈ మాదిరి చేసి పెట్టు."

ఆయన తోసిపుచ్చలేదు. అచ్చును కిటికీ వెలుగులో తిప్పి చూసి, అవ్వ గడ్డం పట్టుకొని ముఖం పైకెత్తి చూసి, "ఎడమ కన్ను కొస కొంచెం పైకుంది కదమ్మా" అన్నాడు.

అవ్వ నా వైపు తిరిగి, "కొలత తెలిసినోడే" అంది. అంతటితో భయం వదిలేసింది.

కట్టు కట్టిన కళ్ళతో నల్లబోర్డు కింద చాప మీద అవ్వ పడుకుంటే, నేను పక్కన కూర్చొని సంగటి ముద్దలు నోట్లో పెట్టేవాణ్ణి. నన్ను పంపేసిన పంతులు ఒకరోజు అటు వచ్చి, "మళ్ళా వచ్చినావేమిరా?" అన్నాడు. "నేను కాదు సార్, మా అవ్వ చేరింది" అన్నాను. కట్టు కింద అవ్వ పెదాలు కదిలాయి. నవ్వితే కుట్లు ఊడతాయని నర్సు నన్ను బయటికి పంపింది. ఆ బడి నుంచి నన్ను పంపేయడం అది రెండోసారి.

ఇంటికి పంపేటప్పుడు అద్దాలిచ్చారు. ఆ రోజుల్లో ఆ ఆపరేషను అయినవాళ్ళకు ఇచ్చే అద్దాలు సీసా అడుగులంత మందం. వాటి వెనక అవ్వ కళ్ళు ముఖమంతా నిండిపోయాయి. అసలే ఆ చూపు, ఇప్పుడు దానికి ఇంత వైశాల్యం. వీధిలో పిల్లలు దారి ఇచ్చారు. ఇంటికి రాగానే పీట మీద కూర్చుంది. నాయన గూట్లోంచి కళ్ళ జత తీసి అరచేతిలో పెట్టాడు. అవ్వ ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూసింది. ఎంతసేపు చూసిందంటే పెద్దాయన పంపిన మనిషి అరుగు మీద కునుకు తీసి లేచాడు.

"ఎడమది వీనిది" అంది చివరికి. "కుడిదాంట్లో నీ సుత్తి దెబ్బ ఉండాది."

నాయన తల వంచుకున్నాడు. కాసేపటికి నాతో, "కుంపటి రాజెయ్" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. ఊదుగొట్టం మాత్రం తలకిందులుగా పట్టుకున్నాడు.

కంటి జబ్బు నయమైనవాళ్ళు అమ్మవారికి వెండి కళ్ళు ఇచ్చుకోవడం మా వైపు ఉన్నదే. అవ్వకు నయమైంది కాబట్టి ఆమె కూడా ఇవ్వాలి. అక్కడొచ్చింది చిక్కు. "నేను కండ్లు ఇచ్చేదేముంది, ఆయమ్మ పెట్టుకొనుండేవే నావి. నాకుండి ఆయమ్మకు లేనివి ఈ అద్దాలే. అవి చెయ్యి" అని నాకు చెప్పింది. నాయనకు చెప్పలేదు, నాకు. అచ్చు లేకుండా నేను చేసిన మొదటి వస్తువు అదే. చెవులు లేని రాతికి కళ్ళజోడు ఎలా నిలుస్తుంది? ముక్కు లేదు, దేని మీద ఆనుతుంది? పెరట్లో గుండ్రాయి ఒకటి తెచ్చి పెట్టుకొని వెండి తీగ వంచుతూ కూర్చున్నాను. చివరికి కాడలను చెవుల వైపు కాక పైకి తిప్పి, రాతి మీద పెట్టే కిరీటం అంచుకు తగిలించేటట్టు కొక్కేలు పెట్టాను. చట్రం చుట్టూ మగ్గం మీద చూసిన అంచు గీశాను. నాయన చూసి, అవ్వ చూసేదాకా అక్కడే నిలబడ్డాడు. అవ్వ చూసింది, తన అద్దాలు తీసి పక్కన పెట్టి పోల్చుకుంది, మళ్ళీ పెట్టుకొని చూసింది. కుంపట్లో వెయ్యలేదు.

పల్లె పెద్దాయన మాత్రం కంగారు పడ్డాడు. "జనం నగుతారమ్మా."

"నగనీ" అంది అవ్వ. "కనపడితేనే గదా నగేది."

పెట్టారు. మొదటి రోజు నవ్వారు కూడా. కానీ ఆ ఏడాది మళ్ళీ క్యాంపు జీపు తిరిగినప్పుడు, అంతకుముందు కత్తి అంటే దాక్కునే ముసలమ్మలు, ఆయమ్మే పెట్టుకుంది మనదేముందని బండి కట్టించుకొని పోయారు.

ఆ వెండి అంతా ఇప్పుడు పసుపు గుడ్డలో నా ముందుంది, కరగబెట్టమంటున్నారు. ఈ రోజుల్లో కళ్ళు బెంగళూరులో మిషను మీద వస్తాయి. రెండు కళ్ళూ అణువంత తేడా లేకుండా ఉంటాయి, చక్కగా మెరుస్తాయి. అవి చేసినవాడికి అవ్వ ఉందో లేదో వాటిని చూస్తే తెలియదు. చెడ్డవి అనను. నీళ్ళు కూడా అంతే కదా, అప్పుడు ఒక బిందె అన్ని పనులూ చేసేది, ఇప్పుడు టాంకరు వచ్చి నిలబడుతుంది, ఏ నీళ్ళు దేనికి పోతున్నాయో ఎవరూ చూడరు. అదీ మంచిదే. నా నడుముకు బిందె మోసే ఓపిక లేదు. కుర్రాడితో నేను వాదన పెట్టుకోలేదు. "పాతవి కరిగించేది కొత్తవి చూసుకున్న తర్వాత. అది మా ఇంటి పద్ధతి" అన్నాను. నా దగ్గరున్న వెండితో శాంతమైన కళ్ళు ఒక జత చేతితోనే చేశాను. మనస్ఫూర్తిగానే చేశాను. బాగా వచ్చాయి. మా ఇంట్లో ఇప్పుడు ఆఖరి చూపు మా ఇంటామెది. ఆమె తిప్పి చూసి, "పనితనం బాగుండాది. చూపు మాత్రం నువ్వు బస్సు కోసం చూసినట్టుండాది" అంది.

వాళ్ళిద్దరూ మళ్ళీ వచ్చిన రోజు పెరట్లో గుండ్రాయి కడిగి, పసుపు పూసి, కొత్త కళ్ళు పెట్టి చూపించాను. ప్రెసిడెంటు తల ఊపాడు. లచ్చుమక్క చాలాసేపు చూసి, "ఈమె ఎవురు?" అంది.

"ఎవురేందక్కా, అమ్మోరే."

"మాయమ్మ నేను మూల వదిలేసి ఊడిస్తే చూస్తాంటాది. ఈమె కునుకు తీస్తాండాది."

"చూసేదానికి కెమెరాలు ఉండాయి గదక్కా."

"కరెంటు ఉన్నెంత సేపు. ఈయమ్మకు కరెంటు పని లేదు" అని, పసుపు గుడ్డలోంచి పాత కళ్ళు తీసి కుర్రాడి చేతిలో పెట్టింది. "నువ్వే పెట్టి చూడు."

వాడు కొత్తవి తీసి పాతవి పెట్టాడు. పెట్టి, లేచి, ఒక అడుగు వెనక్కి వేశాడు. మాట్లాడకుండా కూర్చుంటే ఏమవుతుందో నాయన దగ్గర ఒకసారి చూశాను కాబట్టి ఆ విద్య వాడాను. కరిగిపోతే మళ్ళీ ఆ జత రాదు. అచ్చు నా దగ్గరే ఉంది గానీ, కుడిదాంట్లో నాయన సుత్తి దెబ్బ ఎక్కడి నుంచి తెస్తాను?

వాడు షర్టు గుండీ సరిచేసుకున్నాడు. "సరేలే, ఇవే ఉండనీ" అన్నాడు, ఆ కళ్ళు తన ముఖం చూడని వైపు తిరిగి. "కళ్ళజోడు మాత్రం పండగ రోజు ఒక్కటే పెడతాము. దినామూ వద్దు." లచ్చుమక్క దానికి ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. పసుపు గుడ్డ మడిచి కొంగులో దోపుకుంది. శాంతమైన కళ్ళు మా ఇంటి గూట్లోనే ఉన్నాయి. ఎవరికైనా శాంతం కావాలంటే రావచ్చు.

కొత్త గుడి తెరిచిన రోజు పోయాను. ఈసారి బస్సునే ఎక్కాను, కండక్టరు టికెట్టు ఇచ్చాడు కాబట్టి అనుమానం లేదు. కానీ హడావుడిలో కళ్ళజోడు మళ్ళీ కట్టమీదే వదిలేశాను. జనం తగ్గాక లోపలికి పోయి నిలబడితే ఎదురుగా పసుపుపచ్చగా ఏదో, దాని మధ్య తెల్లగా రెండు మెరుపులు, వాటి చుట్టూ ఇంకేదో గుండ్రంగా మెరుస్తున్నట్టు కూడా ఉంది. నల్లరాతి గచ్చు మీద లచ్చుమక్క చీపురుతో పూలు ఊడుస్తోంది.

"అక్కా, కండ్లు సరింగా కూచున్నాయా?" అనడిగాను. "నాకేమీ కనపడలేదు."

ఆమె చీపురు ఆపలేదు.

"నీకు కనపడకపోతే ఏమప్పా, ఆయమ్మకు నువ్వు కనపడతాండావు. ముందు చెప్పులిడిసి రా."